అల్ రాయ్‌లో భోజనానికి కూర్చుంటే...

కువైట్ నగరం పక్కన, ఫర్వానియా గవర్నరేట్‌లో ఉంటుంది అల్ రాయ్. గోదాములు, ఫర్నిచర్ షోరూములు, మొక్కల నర్సరీలు, పక్షుల బజారు, వారాంతంలో కాలు పెట్టడానికి సందు దొరకని శుక్రవారం సంత. వాలకం చూస్తే భోజనానికి బయల్దేరే చోటులా ఉండదు. కానీ కువైటీల పాత వంటల సంగతి తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి పేట లేదని నా అభిప్రాయం. ఇక్కడి భోజనశాలలన్నీ నిన్నమొన్నటివి. వాటి పక్కనే సంతలో గుట్టలు పోసి అమ్మే సరుకు మాత్రం ఆ దేశంలో చమురు పడకముందు నుంచీ ఉన్నది. పైగా ఆ పళ్లెంలో సగం మన తీరం నుంచి ఓడెక్కి వెళ్లిందే.

◆ అల్ రాయ్ పేరు నలుగురికీ తెలిసింది 'ది అవెన్యూస్' మాల్ వల్ల. ఐదో రింగ్ రోడ్డు పక్కన 2007లో తెరిచారు. 2012లో ఒకసారి, 2018లో మరోసారి పెంచారు. ఇప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే తిన్నదంతా అరిగి మళ్లీ ఆకలేస్తుంది. అందులో 'సూక్' అని ఒక పేట ఉంది. ఇరుకు సందులు, పాతకాలపు వాకిళ్లు, అచ్చంగా పాత బజారు పోలికే, ఏసీ చల్లదనం అదనం. అసలైన పాత బజారు, ముబారకియా, నగరం నడిబొడ్డున ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మరి నకలెందుకు అనే వాళ్లు జూలైలో ఒకసారి వెళ్లి రావాలి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క సరిచూసి మరీ ఖాయం చేసిన అంకె అది. అంత ఎండలో వీధి అరుగు మీద కూర్చుని పులావు తినమంటే ఎవరికి మాత్రం సాధ్యం?

◆ కువైట్‌లో పాతకాలపు అలంకరణ చేసిన ఏ భోజనశాలకు వెళ్లినా ముందు తలెత్తి పైకప్పు చూడండి. దూలాలుగా వరసగా పేర్చిన గుండ్రటి కర్రలను 'చందల్' అంటారు. ఇవి తూర్పు ఆఫ్రికా మడ అడవుల నుంచి వచ్చేవి. వాటి మీద పరిచే చీల్చిన వెదురు బద్దలు 'బాస్‌జీల్'. తలుపులకు మలబారు టేకు. ఒక్క మంచి చెట్టు లేని దేశంలో ఇంటికప్పు వేయాలంటే రెండు సముద్రయానాలు కావలసి వచ్చేవి. 1938-39లో ఆలన్ విలియర్స్ అనే ఆస్ట్రేలియా నావికుడు 'బయాన్' అనే కువైటీ పడవలో నఖోదా (పడవ కెప్టెన్) అలీ అల్ నజ్దీ వెంట తిరిగి, 1940లో పుస్తకం రాశాడు. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి ఆ పడవ మోసుకొచ్చింది ఈ కర్రలనే.

◆ ఇక పళ్లెం దగ్గరికి వద్దాం. కువైటీ భోజనానికి పెద్దదిక్కు 'మచ్‌బూస్'. మాంసాన్నో కోడినో ఉల్లిపాయ, దాల్చిన చెక్క, లవంగం, ఏలకులతో ఉడికించి ముక్కలు పక్కన పెడతారు. ఆ నీళ్లలోనే బాస్మతి వండుతారు. ముక్కలను విడిగా వేయించో కాల్చో అన్నం మీద పెడతారు. ఇంతవరకు మన పులావుకు దగ్గరి చుట్టమే. తేడా పైన చల్లే 'హషూ' దగ్గర మొదలవుతుంది. ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, ఉడికిన శనగపప్పు, ఎండుద్రాక్ష, కాస్త నల్లనిమ్మ పొడి కలిపిన పూర్ణమది. పులుపు, తీపి, పప్పు, నెయ్యి నాలుగూ ఒకే ముద్దలో తగులుతాయి. ఇప్పుడు ఒక్కొక్క దినుసు ఊరు అడుగుదాం. బాస్మతి భారతదేశం. ఏలకులు, లవంగం, దాల్చిన చెక్క హిందూ మహాసముద్రపు వర్తకం. అన్నం మీద కాస్త కుంకుమపువ్వు వేస్తే అది ఇరాన్ నుంచి. ఎడారి సొంతంగా ఇచ్చింది గొర్రె ఒక్కటే! అయినా దీన్ని కువైట్ జాతీయ వంటకం అనడంలో తప్పేమీ లేదు. మన వంటింట్లో మిరపకాయ మాత్రం ఎక్కడిది, పోర్చుగీసు వాళ్లు దించింది కాదూ?

◆ మచ్‌బూస్ పక్కన చిన్న గిన్నెలో ఎర్రగా వచ్చేది 'దఖ్ఖూస్'. టమాటా, వెల్లుల్లి, మిరపకాయ ఉడికించి మెదిపినది. మన నాలుకకు చప్పన. రాయచోటి మనిషి దాన్ని చూసి ఉప్పూకారం తెమ్మనడం ఖాయం.

◆ ఆ నల్లనిమ్మను వాళ్లు 'లూమీ' అంటారు. చిన్న నిమ్మకాయలను ఉప్పునీళ్లలో ఉడికించి, గోధుమ రంగు దాటి నల్లబడేదాకా ఎండబెడతారు. చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు, గుల్ల. రంధ్రం పొడిచి పులుసులో వేస్తే పులుపుతో పాటు కొంచెం పొగవాసన, చివర్న చిరుచేదు దిగుతాయి. గింజలు తీయకుండా దంచితే ఆ చేదు చిరుగా ఉండదు.

◆ మనం చందువ అనే చేప అక్కడ 'జుబైదీ'. కువైటీలకు చేపలంటే ముందు ఇదే. వేయించిన జుబైదీని మసాలా అన్నం మీద పెట్టి ఇచ్చేది 'ముతబ్బఖ్', రొయ్యలతో వండే అన్నం 'మురబ్యాన్'. కాకినాడ, మచిలీపట్నం వైపు వాళ్లకు ఈ రెండింటి ముందూ పరిచయాలు అక్కర్లేదు. చేప ముక్క కాదు, తలా తోకా సహా నిండు చేప పళ్లెంలో పడుకుని వస్తే గౌరవంగా వడ్డించినట్టు.

◆ అల్ రాయ్‌లో చలికాలం వెళ్తే మాత్రం హోటల్ మెనూ పక్కన పెట్టి ముందు సంత చూడాలి. ఇక్కడ ఏటా 'ఫగా' అంగళ్లు వెలుస్తాయి. ఫగా అంటే ఎడారి ఇసుక అడుగున ఊరే ఒక రకం పుట్టగొడుగు. బయటికి చిన్న బంగాళాదుంపలా కనిపిస్తుంది. ఐరోపాలో బంగారంతో తూచినట్టు అమ్మే ట్రఫుల్‌కు ఇది దూరపు బంధువు, వాసన అంత ఘాటు కాదు. అక్టోబరు, నవంబరుల్లో 'వస్మ్' వానలు బాగా పడితేనే ఆ ఏడు ఫగా. ఉరుములు ఎక్కువైతే పంట ఎక్కువని బెదూయిన్ల నమ్మకం. మన పల్లెల్లో ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయంటారు కదా, అక్కడా అదే మాట! ఒక చిన్న ఎడారి పొద వేళ్లతో పొత్తు పెట్టుకుని ఇది పెరుగుతుంది. ఆ పొద ఎక్కడుందో పసిగట్టి, నేల నెర్రెలిచ్చిన చోట వేలితోనో పుల్లతోనో తవ్వి తీస్తారు. మందలు మేసి, బళ్లు తిరిగి ఆ పొదలు తగ్గిపోయాయి. 1991 యుద్ధం తరవాత ఇసుకలో మిగిలిన మందుపాతరలు ఏరేవాళ్ల ప్రాణం మీదికి తెచ్చాయి. అందుకే ఇప్పుడు అంగట్లో చాలా సరుకు ఇరుగుపొరుగు దేశాల నుంచీ, ఉత్తరాఫ్రికా నుంచీ దిగుతుంది. తెల్లటి రకానికి మళ్లీ జుబైదీ అనే పేరు. చేప అడిగితే పుట్టగొడుగు, పుట్టగొడుగు అడిగితే చేప రాకుండా అంగడి చూసుకుని అడగాలి.

దీని వంటలో కష్టమంతా కడగడంలోనే ఉంది. మడతల్లో ఇరుక్కున్న ఇసుక ఒక నీటికి వదలదు, రెండు నీళ్లకూ వదలదు. ఓపిగ్గా కడిగి, చెక్కు తీసి, నెయ్యిలో ఉల్లిపాయతో వేయించడమో మాంసం ఉడికిన నీళ్లలో వేసి అన్నంతో వండడమో చేస్తారు. పంటికింద ఒక్క ఇసుక రేణువు తగిలినా వంటమనిషి పరువు పోయిందన్నమాటే.

◆ అదే అల్ రాయ్ సంతలో జనవరి నుంచి మరో సరుకు వస్తుంది. మిడతలు! వేయించుకుని తినడానికే. కొన్నేళ్ల కిందట ఇక్కడ పావుకిలో సంచి మూడు నుంచి ఐదు దినార్ల దాకా పలికింది. గుడ్లతో ఉన్న ఆడ మిడత రుచని, దానికి గిరాకీ ఎక్కువ. ఉప్పునీళ్లలో ఉడికించి అలాగే తినేవాళ్లు కొందరు, పొయ్యిలో కరకరలాడేలా ఎండబెట్టుకునేవాళ్లు కొందరు. ఇస్లాం ఆచారంలో మిడత తినదగినదే, కాబట్టి ఆ అడ్డూ లేదు. అడ్డల్లా కువైట్ కుర్రకారే. తాతలు లొట్టలేస్తుంటే మనవలు బర్గర్ కోసం మాల్ వైపు చూస్తున్నారు. హోటళ్ల మెనూల్లో ఈ వంటకం వెతకడం దండగ. సంప్రదాయమంటూ గోడకు పడవ బొమ్మలు తగిలించే ఏ హోటలూ అంత దూరం వెళ్లదు.

◆ పడవ మాట వచ్చింది కనుక కాస్త పక్క దారి. అల్ రాయ్ నుంచి సముద్రం వైపు వెళ్తే రాడిసన్ బ్లూ హోటల్ ఆవరణలో 'అల్ బూమ్' అని ఒక రెస్టారెంట్ ఉంది. అది పడవ ఆకారంలో కట్టిన గది కాదు, నిజం పడవే. పేరు 'మొహమ్మదీ 2'. 1970ల చివర్లో కేరళలోని కాలికట్‌లో వడ్రంగులు తయారుచేశారు. దాని పక్కనే అంతకు ఎన్నో రెట్లున్న 'అల్ హాషెమీ 2'. పొడవు 83.75 మీటర్లు. కొయ్య ధౌ పడవల్లో ప్రపంచంలో ఇదే పెద్దదని 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. సముద్రం మీదికి మాత్రం వెళ్లదు, నేల మీద నిలబడి విందులకు వేదికవుతుంది.

◆ పాత కువైట్‌లో భోజనం కన్నా నీళ్లు కష్టం. తాగే నీళ్లు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకునేవారు. ఉప్పునీటిని మంచినీరు చేసే పెద్ద కర్మాగారం 1953లో గానీ రాలేదు. ఇప్పుడు హోటల్ బల్ల మీద అడక్కుండానే సీసా పెడతారు.

◆ ముత్యాల వేటకు వెళ్లిన గజ ఈతగాళ్లు పగలంతా దాదాపు పస్తే. నిండు కడుపుతో నీటి అడుక్కి దిగలేరు కనుక ఉదయం నాలుగు ఖర్జూరాలు, కాసింత కాఫీ. అన్నం, చేప రాత్రికే. ఎండాకాలమంతా, నెలల తరబడి ఇదే వరస. ఖర్జూరపు పాకంలో వండిన తియ్యటి అన్నం 'ముహమ్మర్'ను ఇప్పుడు వేయించిన చేపతో కలిపి ప్రత్యేక వంటకంగా వడ్డిస్తారు. అది ఆ శ్రమజీవులకు బలం కోసం పుట్టిన తిండి. జపాన్ పెంపకపు ముత్యాలు 1930ల నాటికి ఈ వ్యాపారాన్ని ముంచేశాయి. పడవలు పోయినా తియ్యన్నం మిగిలింది.

◆ 1961 దాకా కువైట్‌లో హోటల్ బిల్లు కట్టింది రూపాయల్లో! మామూలు భారతీయ రూపాయే అక్కడ చెల్లేది. బంగారం దొంగరవాణా వల్ల మన విదేశీ మారకం కరిగిపోతోందని 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోటు అచ్చువేసింది. రెండేళ్లకు దినారు వచ్చింది. పదమూడు రూపాయల మీద మరో మూడో వంతుకు ఒక దినారు చొప్పున మార్చారు. ఆ లెక్కన రూపాయికి 75 ఫిల్సులు. ఇవాళ మారకం రేటు చూసుకుని నిట్టూర్చకండి, భోజనం సయించదు.

◆ 'హరీస్' పేరు మెనూలో కనిపిస్తే హైదరాబాదీలు వదలరు. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికించి, విడదీయలేనంతగా మెదిపిన ముద్ద. హైదరాబాద్ హలీంకు ఇదే మూలం. నిజాం కొలువులో చేరిన యెమెన్ హద్రమౌత్ అరబ్బులు, ఇప్పటి బార్కస్ వాసుల పూర్వీకులు, దీన్ని దక్కనుకు తెచ్చారు. దక్కనులో అది మసాలా, వేయించిన ఉల్లిపాయ, నిమ్మరసం పులుముకుని 2010లో భౌగోళిక గుర్తింపు దాకా వెళ్లింది. కువైట్ హరీస్ అలాగే నెమ్మదిగా ఉండిపోయింది. పైన నెయ్యి, దాల్చిన చెక్క పొడి, కొందరు పంచదార కూడా. పాతబస్తీ రంజాన్ రాత్రుల రుచి పెట్టుకుని వెళ్తే నిరాశ తప్పదు. పసిపిల్లకు తినిపించే గోధుమ జావలా అనిపిస్తుంది, రెండో గరిటెకు గానీ దాని సంగతి తెలియదు.

◆ అరబ్బీ కాఫీ చిన్న గిన్నెలాంటి కప్పులో అడుగున మాత్రమే పోస్తారు. పిసినారితనం కాదు. నిండా పోయడమే అక్కడ మర్యాద తక్కువ, తాగి త్వరగా వెళ్లమన్నట్టు. కప్పు ఖాళీ కాగానే మళ్లీ పోస్తారు, మళ్లీ పోస్తారు. చాలనుకుంటే నోటితో చెప్పక్కర్లేదు, కప్పును చేతిలో అటూఇటూ ఆడించి ఇవ్వాలి. కప్పు అందుకోవడం కుడిచేత్తోనే. ఆ విషయంలో మనకు కొత్తగా నేర్పేదేం లేదు.

◆ రంజాన్ నెలలో పగటిపూట నలుగురి ఎదుట తినడం కువైట్‌లో నేరం. 1968లో చేసిన 44వ నంబరు చట్టం ప్రకారం వంద దినార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు. ముస్లిం కానివారికీ ఇదే వర్తిస్తుంది. ఆ నెలలో హోటళ్లు పగలు నిద్రపోతాయి, చీకటి పడగానే ఒళ్లు విరుచుకుంటాయి. ఇఫ్తార్‌కీ సెహ్రీకీ మధ్య, రాత్రి పొద్దుపోయాక పెట్టే విందు 'ఘబ్గా'. ఒకప్పుడు ఇరుగుపొరుగు ఇళ్లలో జరిగిన ఈ కూటమిని ఇప్పుడు కంపెనీలు ఉద్యోగుల కోసం హోటల్ హాళ్లలో చేస్తున్నాయి. జీతం తక్కువైనా ఘబ్గా ఘనంగా ఉందని సరిపెట్టుకునే వాళ్లూ లేకపోలేదు.

◆ ఎన్ని నక్షత్రాల హోటలైనా మద్యం దొరకదు. 1960ల మధ్యలో వచ్చిన నిషేధం ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఆ లోటు పుదీనా నిమ్మరసం తీరుస్తుంది.

◆ 2022లో అవెన్యూస్‌ను ఆనుకుని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్ తెరుచుకుంది. వాళ్ల సంప్రదాయం వేరే. న్యూయార్క్‌లో 1890ల నాటిది. ఆపిల్, సెలెరీ, మయొనైజ్ కలిపిన వాల్డార్ఫ్ సలాడ్ ఆ పాత హోటల్‌లోనే పుట్టింది. పుట్టించింది వంటవాడు కాదు, భోజనశాల పెద్ద ఆస్కార్ షిర్కీ. వాల్‌నట్ పలుకులు తరవాతెప్పుడో వచ్చి చేరాయి. ఒకే అల్ రాయ్‌లో ఒక పక్క మిడతల సంచి, ఇంకో పక్క ఈ సలాడ్ వారసులు. రెండింట్లో దేనికి వయసెక్కువో చెప్పనక్కర్లేదు.

◆ కాఫీకి అంత మర్యాద చేసే దేశంలోనే, మధ్యప్రాచ్యంలో తొలి స్టార్‌బక్స్ 1999లో తెరుచుకుంది. తెచ్చింది కువైట్ వ్యాపార కుటుంబం అల్‌షాయా. ఇంటికి భోజనం తెచ్చిపెట్టే తలబాత్ సంస్థ కూడా 2004లో కువైట్‌లో మొదలైందే.

◆ ఇన్ని చెప్పి వండే చేతుల గురించి చెప్పకపోతే అన్యాయం. కడప, రాయచోటి, రాజంపేట, కోనసీమ ప్రాంతాల నుంచి వేలమంది ఆడవాళ్లు కువైటీ ఇళ్లలో పనికి వెళ్లారు. మనవాళ్ల భాషలో అది ఖద్దామా వీసా. యజమాని బాబా, యజమానురాలు మామా. వెళ్లిన కొత్తలో మామా పక్కన నిలబడి నేర్చుకున్న మచ్‌బూస్, కొన్నేళ్లు తిరిగేసరికి పూర్తిగా వాళ్ల చేతిలోకి వచ్చేస్తుంది. ఉప్పెంత, లూమీ ఎన్ని, అన్నం ఏ పదునులో దించాలి, అన్నీ. హోటల్ మెనూలో 'ఇంటి వంట' అని ఘనంగా రాసుకునే రుచిని చాలా ఇళ్లలో రోజూ నిలబెడుతున్నది ఇలాంటి వాళ్లే. ఆ వంట వాళ్ల పేరు మీద ఏ మెనూలోనూ ఉండదు. వాళ్లలో కొందరు ఊరికి వచ్చాక పండక్కి మచ్‌బూస్ వండితే చుట్టాలు 'కువైట్ పలావు' అని పేరు పెట్టి, పక్కన గోంగూర పచ్చడి వేసుకుని కానిచ్చేస్తారు. అసలు కువైటీలు కూడా ఊరగాయను 'అచ్చార్' అనే పిలుస్తారు, భోజనంలోకి మామిడికాయదే పెడతారు. కాబట్టి ఆ ముద్దలో పచ్చడి కలపడం పెద్ద అపచారమేమీ కాదు.

◆ శుక్రవారం సెలవు దొరికిన కార్మికుడి భోజనం వేరు. ఫర్వానియా, ఖైతాన్ వైపు మెస్సుల్లో అన్నం, పప్పు, వేపుడు, ఆదివారం లాంటి శుక్రవారం కనుక కోడికూర. వారమంతా కుబూస్ రొట్టెతో కూర నంజుకున్న వాళ్లకు ఆ ఒక్కపూట అన్నమే విందు. ఆ తరవాత అల్ రాయ్ సంతలో తిరిగి పాత కోటో, కంబళో, ఊరికి పంపే పెట్టెలోకి బొమ్మలో బేరమాడతారు. ఎదురుగా అవెన్యూస్ అద్దాలు మెరుస్తూ ఉంటాయి. లోపలికి వెళ్లడానికి టికెట్టేమీ లేదు, మండుటెండలో చల్లగాలి కోసం వెళ్లొచ్చే వాళ్లూ ఉంటారు.

◆ తీపిలో 'గెర్స్ ఒఖైలీ' తప్పకుండా అడగాలి. గుడ్లు, పిండి, పంచదార, ఏలకులు, కుంకుమపువ్వుతో చేసి, పైన నువ్వులు చల్లిన కేకు. క్రీముండదు, పూత ఉండదు. అందుకే ఏలకుల వాసన నేరుగా తగులుతుంది. 'లుగైమాత్' కూడా దొరుకుతాయి. పులిసిన పిండిని ఉండలుగా నూనెలో వేయించి పాకం పోస్తారు, వేడి తగ్గితే తోలులా సాగుతాయి, వచ్చిన వెంటనే తినేయాలి.

◆ వెళ్లాలనుకునే వాళ్లకు ఒక మాట. సంత గురువారం నుంచి శనివారం దాకా జోరుగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిల్లో వెళ్తే చలి, ఫగా, మిడతలు మూడూ దొరుకుతాయి. హోటల్లో మచ్‌బూస్ చెప్పేటప్పుడు పళ్లెం ఎంతమందికో ముందే అడగండి. వాళ్ల లెక్కలో ఇద్దరి భోజనమంటే మన లెక్కలో నలుగురు, మిగిలింది కట్టి ఇమ్మంటే ఎవరూ తప్పు పట్టరు.